తడి గోడ, కరెంటు బిల్లు, ఓనర్ దగ్గర ఇంకో తాళంచెవి

ప్రశ్న: మేం నలుగురు అమ్మాయిలం, డిగ్రీ మూడో సంవత్సరం. ఏడు నెలల కిందట ఒక ఇంట్లో పై పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. కింద ఓనర్ గారి కుటుంబం ఉంటుంది. చేరిన రెండు నెలలకే పడకగది గోడ చెమ్మెక్కి నల్లటి మచ్చలు మొదలయ్యాయి. ఆ గోడకు అవతల మా బాత్రూమ్ ఉంది. గోడ పక్కన పడుకునే అమ్మాయికి దగ్గు తగ్గడం లేదు. చెబితే ‘మీరు తడిబట్టలు గదిలో ఆరేస్తున్నారు, అందుకే’ అంటారు అంకుల్. కరెంటు బిల్లు మా వాడకానికి మించి వస్తోంది. పైగా మేం కాలేజీలో ఉన్నప్పుడు తన దగ్గరున్న తాళంచెవితో ఆయన లోపలికి వస్తున్నారని తెలిసింది. గట్టిగా అడిగితే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరేమోనని భయం. నలుగురిలో ఒకరు వచ్చే నెలే వెళ్లిపోతానంటోంది. ఇంకో రెండు నెలల్లో పరీక్షలు. అద్దె ఆపేస్తే ఆయనే దారికొస్తారని సీనియర్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఒక్క మాట. అద్దె ఆపకండి.

మీ సీనియర్లు చెడ్డ ఉద్దేశంతో చెప్పి ఉండరు. కానీ ఈ రోజు వరకు తప్పు ఆయన వైపు ఉంది. గోడ బాగు చేయించలేదు, చెప్పకుండా లోపలికి వస్తున్నారు. అద్దె ఆపిన రోజున మీ వైపు కూడా ఒక తప్పు పుడుతుంది, అది కాగితం మీద చాలా స్పష్టంగా కనిపించే తప్పు. గోడ ఎందుకు తడిసిందన్నది వాదించుకోవాల్సిన విషయం. అద్దె కట్టారా లేదా అన్నది వాదన అక్కర్లేని విషయం. ఖాళీ చేయమనడానికి ఓనర్లకు ఎక్కడైనా దొరికే మొట్టమొదటి కారణం అద్దె బకాయే. పరీక్షలు రెండు నెలల్లో పెట్టుకుని ఆ కారణాన్ని మీ చేతులతో ఆయనకు ఇవ్వొద్దు. అద్దె తేదీ తప్పకుండా కట్టండి, బ్యాంకు నుంచే పంపండి, పంపేటప్పుడు ‘ఫలానా నెల అద్దె’ అని రాయండి. నగదు ఇవ్వాల్సి వస్తే రసీదు మీద సంతకం తీసుకోండి.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ‘చెబితే ఇలా అన్నారు’ అన్న మాట ఉంది కానీ, రాసి ఇచ్చామన్న మాట ఎక్కడా లేదు. ఏడు నెలలుగా అంతా నోటి మాటగానే నడిచిందనుకుంటాను. ఇది నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో నేనూ ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దెకు ఉన్నాను. చేరిన రోజునే వాష్‌బేసిన్‌కు వెంట్రుకంత సన్నటి పగులు కనిపించింది. మెట్ల మీద ఓనర్ ఎదురైతే చెప్పాం. ‘సరేలేమ్మా, చూద్దాం’ అన్నారు. రెండేళ్ల తర్వాత ఖాళీ చేసే రోజుకు ఆ పగులు అంచు దాకా పాకింది. మేమే పగలగొట్టామని అడ్వాన్స్‌లో పెద్ద భాగం పట్టుకున్నారు. మెట్ల మీద చెప్పిన సంగతి గుర్తుచేస్తే ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. ఆయన అబద్ధం ఆడారని నేను ఈ రోజుకీ అనుకోవడం లేదు. ఆయనకు గుర్తు లేదు, అంతే. మా దగ్గర ఒక్క ఫొటో లేదు, ఒక్క మెసేజ్ లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ డబ్బు పోయినందుకు కాదు. నిజం మా వైపు ఉండి కూడా చూపించలేకపోయామే అని.

అందుకే మీ మూడు గొడవలనూ ఒకేలా చూడమంటాను. ఆయన మాటకు మీ మాట అడ్డం పెడితే అది తేలదు. ఆయనా మీరూ పక్కపక్కన నిలబడి ఒకే వస్తువును చూసేలా చేయండి. గోడకు, మీటర్‌కు ఇది ఎంత తేలికో చెబుతాను.

దానికంటే ముందు ఈ రాత్రికే చేయాల్సినవి ఉన్నాయి. ఆ తడి గోడ మీద స్విచ్‌బోర్డు గానీ ప్లగ్గు గానీ ఉందా? ఉంటే వాడటం మానేయండి, ఆ లైన్ ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైన్‌కు కరెంటు కట్టేసే స్విచ్) కిందికి దించండి. తడి గోడ, గీజర్, కుళాయి, ఎక్కడ ముట్టుకున్నా చిన్నగా జిల్లుమంటుంటే అది పదిహేను రోజులు ఎదురుచూసే ఫిర్యాదు కాదు. అదే గంటలో ఫోన్ చేసి, అదే గంటలో మెసేజ్ కూడా పెట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించమనండి. మెయిన్ బోర్డులో ‘టి’ అని లేదా ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉన్న స్విచ్ ఉందేమో చూడండి. కరెంటు లీకై మనిషి ఒంట్లోంచి పోబోతుంటే లైన్‌ను కొట్టేసే పరికరం అది. ఇళ్లలో మనుషుల రక్షణకు పెట్టేది మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లది. బటన్ నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది పనిచేయడం లేదన్నమాట. అసలు ఆ పరికరమే లేకపోతే, పెట్టించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మీ బాత్రూమ్‌లో ఉన్నది గ్యాస్ గీజర్ అయితే ఇంకో జాగ్రత్త. గాలి ఆడని చిన్న గదిలో గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత స్పృహ తప్పడం. తలుపులు బిగించుకుని స్నానానికి వెళ్లిన మనుషులు అలా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. మంట నీలంగా కాక పసుపుగా వస్తుంటే వాడటం ఆపేయండి. గీజర్ బాత్రూమ్ బయట ఉండాలి, లేదా దాని పొగ గొట్టంలోంచి బయటికి పోవాలి.

ఇక దగ్గుతున్న అమ్మాయి. ఆమె మంచాన్ని ఈ రాత్రే వేరే గదిలోకి జరపండి. వేరే గది లేకపోతే ఆ గోడకు వీలైనంత దూరంగా. బూజు పట్టిన గోడ పక్కన పడుకుంటే ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ ఇబ్బంది. ఆమెను డాక్టర్‌కు చూపించండి, చూపించేటప్పుడు గోడ సంగతి కూడా చెప్పమనండి. ఆ చీటీ జాగ్రత్తగా దాచండి. చీపురుతో ఆ మచ్చల్ని పొడిగా దులపొద్దు, అలా చేస్తే అంతా గాల్లోకి లేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిబట్టతో తుడవండి. దానిమీద రంగు వేయించేసి ‘అయిపోయింది’ అని ఓనర్ అన్నా ఒప్పుకోకండి. నీరు వచ్చే దారి మూయకుండా పైన వేసిన రంగు కొన్నాళ్లకే పొక్కులు లేచి రాలుతుంది, బూజు మళ్లీ పైకి వస్తుంది.

ఇప్పుడు గోడ. అంకుల్ చెప్పిన కారణాన్ని మీరు కొట్టిపారేయకండి, అందులో కొంత నిజం ఉండొచ్చు. ఒక బకెట్ తడిబట్టలు కిటికీలు మూసిన గదిలో ఆరితే వాటిలో ఉన్న నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? ఆ గది గాలిలోకే. నలుగురు పడుకుంటే ఊపిరిలోని తేమ కూడా దానికి తోడు. ఆ తేమ చల్లటి గోడను తాకినచోట, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు, నీరు పడుతుంది. ముఖ్యంగా మూలల్లో, బీరువా వెనక, గాలి తగలని చోట్ల. కానీ గోడ తడవడానికి కారణం అదొక్కటే కాదు. నేల నుంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, కానీ అది కింది అంతస్తు గోడల్లో మామూలుగా మీటరు, మీటరున్నర ఎత్తు వరకే. మీరు ఉండేది పైన కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. ఇక మిగిలినవి వాన నీరు, గోడలో పైపు కారడం, బాత్రూమ్ టైల్స్ సందుల్లోంచి నీరు దిగడం. మీ ఉత్తరంలో ‘గోడకు అవతల బాత్రూమ్’ అన్న ముక్క దగ్గర నేను ఆగిపోయాను. నా అనుమానం అటే ఉంది. కానీ అనుమానంతో కొట్లాడొద్దు, పరీక్ష పెట్టండి.

అల్యూమినియం రేకు తీసుకోండి, ఆహారం చుట్టడానికి వాడే పల్చటిది. జానెడు ముక్క కత్తిరించండి. మచ్చ ఉన్నచోట పైన మాత్రం పొడిగుడ్డతో తుడిచి, రేకును గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించండి. ఒకటి రెండు రోజులు కదిలించకండి. తర్వాత చూడండి. రేకు పైన, గది వైపు, తడి ఉంటే అది గదిలోని తేమ. అంటే ఆయన మాట నిజం. కిటికీలు తెరిచి, బట్టలు బయట ఆరేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పైన పొడిగా ఉండి, ఊడదీస్తే గోడ వైపు తడి ఉంటే ఆ నీరు గోడలోంచి వస్తోంది. దానికీ మీ బట్టలకూ సంబంధం లేదు. రెండు వైపులా తడి ఉంటే రెండు కారణాలూ ఉన్నాయన్నమాట, అప్పుడు ఇద్దరూ చెరో పని చేయాలి.

ఆ రేకును మీరు అతికించకండి. అంకుల్‌ను పైకి పిలిచి, ఆయన చేతులతోనే అతికించమనండి. ‘మీరన్నట్టు మా బట్టల వల్లే అయితే మానేస్తాం అంకుల్, ఒకసారి చూద్దాం’ అనండి. ఆ రెండు రోజులూ బట్టలు ఎప్పటిలాగే ఆరేయండి, లేకపోతే పరీక్షలో ఆయన మాట తేలదు. తీసేటప్పుడు కూడా ఆయన ఉండాలి. తను అతికించిన రేకు వెనక తన వేలికి తడి తగిలితే, ఆ తర్వాత మాట్లాడే మాట వేరుగా ఉంటుంది.

ఇంకోటి. మచ్చ అంచు వెంబడి పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారానికోసారి కొత్త గీత, కొత్త తేదీ. పొద్దున స్నానాలకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. స్నానాలయ్యాక మచ్చ ముదిరి, సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి వెలిస్తే నీరు ఎక్కణ్నుంచి వస్తోందో గోడే చెబుతుంది. ఒక స్కేలు ఆనించి ఫొటోలు తీయండి. ఫొటోల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫోన్‌తో తీసిన అసలు ఫైల్‌లో తేదీ, సమయం దాగి ఉంటాయి. అదే ఫొటోను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి. కాబట్టి అసలు ఫైళ్లను మీ మెయిల్‌కు మీరే పంపుకుని ఉంచండి, ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.

పరీక్ష అయ్యాక ఒక మెసేజ్ పెట్టాలి. కోపంగా రాయొద్దు, బతిమాలుతూ కూడా రాయొద్దు. నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్తే అంకుల్. పై పోర్షన్‌లో బాత్రూమ్ పక్క గోడ చెమ్మ గురించి మొదట ఫలానా నెలలో మీకు చెప్పాం. నిన్న మీరూ మేమూ కలిసి రేకు తీసి చూస్తే గోడ వైపు తడి ఉంది. మచ్చ ఇప్పుడు ఇంత వెడల్పు ఉంది, ఫొటోలు పంపుతున్నాం. మాలో ఒకరికి దగ్గు తగ్గడం లేదు, డాక్టర్‌కు చూపించాం. వచ్చే పది రోజుల్లో ప్లంబర్‌ను పిలిపించి చూపించగలరా? ఏ రోజు వస్తారో చెబితే మేం ఇంట్లో ఉంటాం. మేం బట్టలు బయటే ఆరేస్తున్నాం, కిటికీలు తెరిచే ఉంచుతున్నాం.’

చూడండి, ఇందులో నింద లేదు. ఏమైంది, ఎప్పుడు చెప్పాం, ఏం కావాలి, ఎప్పటికి కావాలి, మా వంతు ఏం చేస్తున్నాం. అంతే. ఆయన ఫోన్ చేసి మాట్లాడితే మాట్లాడండి, తప్పేం లేదు. పెట్టేసిన వెంటనే మాత్రం ‘ఇప్పుడే మాట్లాడుకున్నట్టు శనివారం ప్లంబర్ వస్తారు, థాంక్యూ అంకుల్’ అని ఒక్క వాక్యం పంపండి. ఆయన కాదనకపోతే ఆ వాక్యమే మీ ఇద్దరి మధ్య కాగితం.

‘అంకుల్’ అనే పిలుపు గురించి కూడా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఆ పిలుపు మంచిదే, మానేయమనను. కానీ అంకుల్ అన్నాక అడగడం మొహమాటం అవుతుంది. గోడ బాగు చేయించడం ఆయన మీకు చేసే ఉపకారంలా, అడగడం మీ అతితెలివిలా మీకే అనిపిస్తుంది. మీరు ప్రతి నెలా డబ్బు కట్టేది ఉండటానికి పనికొచ్చే ఇంటికి. గౌరవంగా పిలుస్తూనే, హక్కుగా అడగండి. ఆయన వైపు కూడా ఒకసారి చూడండి. ఆ అద్దె మీదే వాళ్లిల్లు నడుస్తుండొచ్చు. గోడ పగలగొట్టించి పైపు మార్చడమంటే పెద్ద ఖర్చు. ‘బట్టల వల్లే’ అన్న మాట వెనక ఆ భయం ఉందేమో. ‘మీకు వీలైన రోజే పెట్టుకోండి, కానీ తేదీ చెప్పండి’ అంటే చాలామంది కదులుతారు.

కరెంటు బిల్లుకు కూడా ఇదే పద్ధతి. మీ పోర్షన్‌కు విడిగా మీటర్ ఉందా, లేక ఓనర్ మీటర్ నుంచి వచ్చే లైన్‌కు పెట్టిన సబ్ మీటరా అన్నది రాయలేదు. ఏదైనా సరే, ముందు మీ లెక్క మీరు చూసుకోండి. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. గీజర్ 2000 వాట్లదైతే అరగంటకు ఒక యూనిట్. నలుగురూ తలా పావుగంట వాడితే రోజుకు రెండు యూనిట్లు, నెలకు అరవై. ‘మేం పెద్దగా ఏం వాడం’ అనుకునేవాళ్లకు ఈ అరవై లెక్కలోకి రాదు.

ఆ తర్వాత మీటర్ దగ్గరికి వెళ్లండి. ఎలక్ట్రానిక్ మీటర్ అయితే ముందు భాగంలో ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే 3200 అనో 1600 అనో ఒక అంకె, ఆ తర్వాత ‘ఇంప్ పర్ కేడబ్ల్యూహెచ్’ (imp/kWh) అని అచ్చు వేసి ఉంటుంది. 3200 అని ఉంటే, ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. మీ పోర్షన్ మెయిన్ స్విచ్ కట్టేయండి. ఇంట్లో ఒక్క లైటు కూడా లేదని చూసుకుని, ఒకరు మీటర్ ముందు పది నిమిషాలు నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. లైటు మిణుకుమనకూడదు. అంటుంటే, మీ మీటర్ మీద ఇంకేదో నడుస్తోంది. మెట్ల లైటో, నీళ్ల మోటారో. మోటారు ఆన్ చేయించి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. అలాంటి మోటారు పూర్తి లోడ్‌తో రోజుకో గంట తిరిగినా నెలకు 22 యూనిట్లకు తగ్గదు. మీటరే తప్పు తిరుగుతోందని అనుమానమైతే, అన్నీ కట్టేసి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టండి. అది చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, వేడెక్కుతున్న ఆ మొదటి నిమిషంలో 3200 మీటర్ లైటు సుమారు 53 సార్లు వెలగాలి. కాస్త అటూ ఇటూ పర్వాలేదు. ఎనభై, తొంభై అయితే మాత్రం అడగాల్సిందే. మెయిన్ స్విచ్ కట్టేసే పరీక్ష ఒకసారి మీరు చేసుకుని, రెండోసారి ఆయన్ను పక్కన పెట్టుకుని చేయండి. సబ్ మీటర్ అయితే అసలు బిల్లు చూపించమనండి. యూనిట్‌కు ఆయన కట్టేదెంత, మీ దగ్గర తీసుకునేదెంత అన్నది అందులో కనబడుతుంది. ఇక ప్రతి నెలా ఒకటో తారీఖున రీడింగ్ ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.

ఇక తాళంచెవి. ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉండటం తప్పు కాదు. మీరు లేనప్పుడు పైపు పగిలితేనో, పొగ వస్తేనో ఎవరో ఒకరు లోపలికి వెళ్లగలగాలి. తప్పు ఎక్కడంటే, ప్రమాదం ఏమీ లేనప్పుడు చెప్పకుండా రావడం. ఇల్లు ఆయనదే, కానీ అద్దెకు ఇచ్చినన్నాళ్లు అందులో కాపురం మీది. రావాలంటే ముందుగా, చాలాచోట్ల 24 గంటల ముందుగా చెప్పాలని చట్టాల్లోనే ఉంది. కాబట్టి ఈ మాట కూడా రాసే అడగండి: ‘అంకుల్, పైకి రావాల్సిన పని ఉంటే ఒకరోజు ముందు మెసేజ్ పెట్టండి, మాలో ఒకరం ఉంటాం. ఏదైనా ప్రమాదమైతే వెంటనే వెళ్లి మాకు ఫోన్ చేయండి.’ ఇది విని చాలామంది నొచ్చుకున్నా మానేస్తారు. ఆయన్ను అడగకుండా తాళం మార్చేయకండి, అది అగ్రిమెంట్‌కు విరుద్ధం కావొచ్చు. లోపల బోల్టు బిగించుకోవడానికి అనుమతి అడిగితే కాదనడానికి కారణం ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మీరు లోపల ఉండగా తలుపు తీసుకుని రావడం, రాత్రిపూట రావడం, మీ బట్టలు, సామాను కదిలించినట్టు అనిపించడం, ఇలాంటిది ఒక్కటి జరిగినా అది మరమ్మతుల గొడవ కాదు. ఆ రోజే ఇంట్లో చెప్పండి, ఆ రోజే పోలీసులకు చెప్పండి. పరీక్షలు ఉన్నాయని ఊరుకోకండి. చదువుకోవడానికి ఇంకో గది దొరుకుతుంది.

వెళ్లిపోతానంటున్న స్నేహితురాలి సంగతి మీరు అనుకుంటున్నదానికన్నా పెద్దది. అగ్రిమెంట్ తీసి చూడండి. నలుగురూ ఒకే కాగితం మీద సంతకం చేసి, మొత్తం అద్దె ఒకే అంకెగా రాసుంటే, ఒకరు వెళ్లినా ఆ మొత్తం మిగిలిన ముగ్గురి మీదే పడే అవకాశం ఎక్కువ. ఆమె పేరు కాగితం మీద ఉన్నంతకాలం ఆమె బాధ్యత కూడా తీరదు. విడివిడిగా, మంచానికి ఇంత అని రాసుకుంటే అది వేరు. ఆమె వెళ్లడం తప్పని నేను అనను, ఆమె కారణాలు ఆమెకు ఉంటాయి. కానీ ఎవరు వస్తారు, అంతవరకు ఆమె వాటా ఎవరు కడతారు, ఆమె అడ్వాన్స్ వాటా కొత్తగా వచ్చే అమ్మాయి ఇస్తుందా, ఓనర్ ఇస్తారా అన్నవి ఆమె పెట్టె సర్దకముందే నలుగురూ కూర్చుని రాసుకోండి. ఓనర్‌తో పడిన గొడవ కన్నా ఇలాంటి లెక్కల దగ్గర చెడిన స్నేహాలే నేను ఎక్కువ చూశాను. కొత్త అమ్మాయి చేరితే ఓనర్ ఒప్పుకున్నట్టు ఒక మెసేజైనా ఉండాలి.

అడ్వాన్స్ భయంతోనే మీరు ఇన్నాళ్లూ గట్టిగా అడగలేదు. నిజానికి అడగకపోవడం వల్లే అడ్వాన్స్ పోయే ప్రమాదం ఎక్కువ. ఈ రోజు రాతపూర్వకంగా చెప్పని చెమ్మ, రేపు ఖాళీ చేసే రోజున ‘మీరు పాడుచేసిన గోడ’ అవుతుంది. చెప్పి, తేదీలతో ఫొటోలు పంపి ఉంటే ఆ మాట నిలబడదు. మామూలుగా ఉంటూ ఉంటే అరిగేది వేరు, మనిషి చేతిలో పాడయ్యేది వేరు. రంగు వెలవడం, మంచం కాళ్ల గీతలు, ఇవి అరుగుదల. ఇవి మామూలుగా ఓనర్ ఖర్చే. కిటికీ అద్దం పగలడం, తలుపుకు మేకులు కొట్టడం, ఇవి మీవి. మీ వల్లే పాడైనా కొత్తదాని ధర మొత్తం మీ మీద వేయడం న్యాయం కాదు. గోడ రంగు ఐదేళ్లు నిలుస్తుందనుకుందాం. వేసి మూడేళ్లయింది. మీరు పాడుచేశారనే అనుకున్నా, మీరు పోగొట్టింది మిగిలిన రెండేళ్ల విలువ, అంటే ఐదింట రెండు వంతులు. పట్టుకునే ప్రతి మొత్తానికీ బిల్లు చూపించమని అడగండి.

చేరిన రోజు ఫొటోలు తీసుకోలేదనుకుంటాను. పోనీ, ఇప్పుడు తీయండి. ఒక ఆదివారం గంటసేపు ప్రతి గదిలో తలుపు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ ఆగకుండా వీడియో తీయండి. సింకు కింద, తలుపుల వెనక, కిటికీ గొళ్లాలు కూడా. ఖాళీ చేసే రోజు మళ్లీ అలాగే తీయండి. ఆ రోజు మీటర్ రీడింగ్ ఫొటో, తాళంచెవులు ఎన్ని ఇచ్చారో రాసిన కాగితం మీద ఆయన సంతకం, అడ్వాన్స్ ఏ తేదీకి ఇస్తారో ఒక వాక్యం. సామాను లారీ ఎక్కుతున్న హడావిడిలో ఇవన్నీ గుర్తుండవు, కాబట్టి ముందురోజే కాగితం సిద్ధం చేసుకోండి. ‘చివరి నెల అద్దె అడ్వాన్స్‌లో పట్టుకోండి’ అనాలనిపిస్తుంది. ఆయన మెసేజ్‌లో ఒప్పుకుంటేనే అలా చేయండి.

పది రోజులు గడిచినా ఆయన కదలకపోతే? అదే మెసేజ్‌ను తేదీలతో ఉత్తరంగా రాసి, నలుగురూ సంతకం చేసి, అందినట్టు రుజువు వచ్చే పోస్టులో పంపండి. కింద ఉండే మనిషికి పోస్టులో ఉత్తరమా అని సిగ్గుపడకండి. ఆ తర్వాత మీ కాలేజీలో విద్యార్థి సంక్షేమం చూసే ఆఫీసుకు వెళ్లండి. న్యాయ కళాశాలల్లో ఉచితంగా సలహా ఇచ్చే లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు ఉంటాయి, అక్కడికి అగ్రిమెంట్, మెసేజ్‌లు, ఫొటోలు ఒక ఫైల్‌గా తీసుకెళ్తే అరగంటలో దారి చెబుతారు. మీ ఖర్చుతో ప్లంబర్‌ను పెట్టించి అద్దెలో తగ్గించుకోవాలన్నా ముందు ఆయన రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కోపంతో నీళ్లో కరెంటో ఆపేస్తే మాత్రం అది చాలాచోట్ల చట్టం ఒప్పుకోని పని. వీడియో తీసి అదే రోజు ఫిర్యాదు చేయండి. అమ్మానాన్నలను పిలవాలా అంటారేమో. పిలవండి, పక్కన కూర్చోమనండి. మాట మాత్రం మీరే మాట్లాడండి, ఆ ఇంట్లో ఏడు నెలలుగా ఉన్నది మీరు కదా.

వెళ్లిపోవాలా ఉండాలా అన్నదానికి నా అభిప్రాయం ఇది. దగ్గు ఆ గోడ వల్లేనని డాక్టర్ అంటే, ఆ గది వదిలేయడానికి పరీక్షల కోసం కూడా ఆగొద్దు. అలా కాకపోతే ఈ రెండు నెలల్లో ఇల్లు మారకండి, ఆ టెన్షన్ చదువును తినేస్తుంది. అగ్రిమెంట్‌లో నోటీసు ఎన్ని రోజులో చూసి, పరీక్షలయ్యాక వారానికి ఆ గడువు ముగిసేలా లెక్కేసి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. నెల నోటీసు అయితే ఇంకా సమయం ఉంది. ఈలోగా ఆయన గోడ బాగు చేయిస్తే నోటీసు ఇవ్వాలా వద్దా అని అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఈ రాత్రికి మంచం జరపండి. రేపు పొద్దున ఆయన్ను పైకి పిలవండి. రేకు తీశాక తడి ఏ వైపు ఉందో నాకు రాయండి.